ఇల్లు కదల్లేదు, జిల్లా మారింది

ఘట్‌కేసర్‌లో గానీ, పక్కనున్న ఏదులాబాద్‌లో గానీ రెండు మూడు తరాలుగా ఉంటున్న ఏ ఇంట్లోనైనా పొలం కాగితాలు భద్రంగా దాచిన ఒక సంచి ఉంటుంది. పాత రోజుల్లో అది ఇనప్పెట్టెలో ఉండేది, ఇప్పుడు బీరువాలో ప్లాస్టిక్ కవర్లోకి మారింది. ఆ కాగితాల్ని వరసగా పరచి చూడండి. అన్నిటికంటే అడుగున ఉర్దూలో రాసిన కాగితం ఉంటుంది, మడతల దగ్గర చిరిగిపోయి, సిరా గోధుమ రంగుకు తిరిగి. దాని మీద 1954-55 నాటి ఖాస్రా పహాణీ నకలు, అందులో హైదరాబాద్ జిల్లా అని ఉంటుంది. ఆపైన 1980ల్లో రాయించుకున్న రిజిస్ట్రేషన్ దస్తావేజు, అందులో రంగారెడ్డి జిల్లా. అన్నిటికంటే పైన 2018లో పంచిన కొత్త పట్టాదారు పాసుపుస్తకం, దాని మీద మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా. సర్వే నంబరు అదే, హద్దులు అవే, ఊరూ అదే. జిల్లా పేరు మాత్రం తరానికొకటి.

ఈ రోజు నేను మాట్లాడబోయేది ఈ పేర్ల గురించే. మన జిల్లాలు ఎక్కడున్నాయి, వాటి కేంద్రాలు ఎక్కడున్నాయి, వాటికి ఆ పేర్లు ఎలా వచ్చాయి అన్న విషయం. దీన్ని బడిలో పోటీ పరీక్షల సమాచారంలా కంఠస్థం చేయిస్తారు. ముప్పై మూడు పేర్లు, ముప్పై మూడు కేంద్రాలు, అంతే. కానీ జిల్లా పేరు పెట్టడం ఒక నిర్ణయం, జిల్లా కేంద్రం ఎక్కడ ఉండాలో తేల్చడం ఇంకొక నిర్ణయం. ఈ రెండూ వేర్వేరు నిర్ణయాలని గుర్తిస్తే ఈ పాఠానికి ప్రాణం వస్తుంది. పేరు గౌరవానికి సంబంధించింది, కేంద్రం అవసరానికి సంబంధించింది. ఈ రెండూ ఒక్కచోట కలిసిన జిల్లాలున్నాయి, విడిపోయిన జిల్లాలున్నాయి. మనం ఉంటున్న ఈ తూర్పు హైదరాబాద్ ప్రాంతం ఆ రెండో రకానికి చెందింది.

మొదట కాస్త వెనక్కి వెళ్దాం. హైదరాబాద్ రాజ్యంలో జిల్లాల ఏర్పాటు 1865లో దివాన్ మొదటి సాలార్‌జంగ్ చేసిన జిలాబందీతో మొదలైంది. అంతకుముందు శిస్తు వసూలు గుత్తేదార్ల చేతిలో ఉండేది. ఆయన రాజ్యాన్ని జిల్లాలుగా విడగొట్టి, జీతం తీసుకునే అధికారుల్ని నియమించాడు. జిల్లాకు పెద్ద అధికారిని అప్పుడు కలెక్టరు అనేవాళ్లు కాదు, అవ్వల్ తాలూక్‌దార్ అనేవాళ్లు. ఆయన కింద తహసీల్దారు. ఆ తహసీల్దారు మాట ఇప్పటికీ బతికే ఉంది, మధ్యలో ఎమ్మార్వో అన్న పేరు వచ్చి కొంతకాలం ఏలినా సరే. నిజామాబాద్, కరీంనగర్, మెదక్, నల్లగొండ ఇలాంటి జిల్లాల రూపురేఖలన్నీ ఆ జిలాబందీ నుంచి, దాని తర్వాత జరిగిన సర్దుబాట్ల నుంచి వచ్చినవే.

నగరం చుట్టూ ఉన్న ఊళ్ల కథ వేరు. వాటిలో చాలా భాగం నిజాం సొంత ఆస్తి, సర్ఫె ఖాస్ కింద ఉండేది. ఆ భాగానికి అత్రాఫ్-ఎ-బల్దా అని పేరు. నగరం చుట్టుపక్కల అని దాని భావం. అంటే ఈ ఊళ్లకు తమదైన పేరు లేదు, నగరానికి చుట్టుపక్కల ఉండటమే వాటి చిరునామా. 1948లో పోలీసు చర్య తర్వాత అత్రాఫ్-ఎ-బల్దాను, బాగాత్ అనే ఇంకొక జిల్లాను కలిపి హైదరాబాద్ జిల్లా చేశారు. నగరమూ పల్లెలూ ముప్పై ఏళ్ల పాటు ఒకే జిల్లాలో ఉన్నాయి.

1978 ఆగస్టు 15న నగరాన్ని హైదరాబాద్ జిల్లాగా ఉంచి, చుట్టూ ఉన్న గ్రామీణ ప్రాంతాన్ని విడదీసి రంగారెడ్డి జిల్లా ఏర్పాటు చేశారు. కొండా వెంకట రంగారెడ్డి పేరు అది. నిజాం కాలంలో వకీలుగా పేరు తెచ్చుకుని, ఆంధ్ర మహాసభలో పనిచేసి, తర్వాత ఆంధ్రప్రదేశ్ ఉప ముఖ్యమంత్రిగా ఉన్న నాయకుడు. ఈ ప్రాంతం మనిషే. పేరు సముచితంగా ఉంది. అయితే కేంద్రం సంగతి చూడండి. రంగారెడ్డి జిల్లా కలెక్టరేట్ రంగారెడ్డి జిల్లాలో ఉండేది కాదు. హైదరాబాద్ నడిబొడ్డున లక్డీకాపూల్‌లో ఉండేది. జిల్లా ఒకచోట, కలెక్టరు ఇంకొక జిల్లాలో. నగరం చుట్టూ గొలుసులా వ్యాపించిన జిల్లా కాబట్టి నగరం మధ్యనే అందరికీ దగ్గర అని అప్పటివాళ్లు అనుకుని ఉంటారు. పటంలో చూస్తే అది నిజమే అనిపిస్తుంది. కానీ సోమవారం పొద్దున్నే అర్జీ పట్టుకుని బయల్దేరే మనిషి పటం మీద నడవడు కదా. తాండూరు నుంచి వచ్చే రైతుకూ, ఇబ్రహీంపట్నం నుంచి వచ్చే రైతుకూ, ఘట్‌కేసర్ నుంచి వచ్చే రైతుకూ నగరం రద్దీ దాటితే తప్ప కలెక్టరు దర్శనం లేదు. 2022 ఆగస్టులో కొంగరకలాన్‌లో కొత్త సమీకృత కలెక్టరేట్ మొదలయ్యే దాకా ఆ పేరున్న జిల్లాకు సొంత నేల మీద శాశ్వత కార్యాలయం లేనట్టే లెక్క. నలభై నాలుగేళ్లు అన్నమాట.

2014 జూన్ 2న తెలంగాణ వచ్చినప్పుడు పది జిల్లాలు. 2016 అక్టోబర్ 11న, దసరా రోజున, ఒక్కసారిగా ఇరవై ఒకటి కొత్తవి కలిసి ముప్పై ఒకటయ్యాయి. 2019 ఫిబ్రవరి 17న ములుగు, నారాయణపేట చేరి ముప్పై మూడు. ఆ 2016 దసరా నాడే ఘట్‌కేసర్, ఉప్పల్, కాప్రా, కీసర, మేడిపల్లి, మల్కాజిగిరి, కూకట్‌పల్లి, మేడ్చల్ తదితర మండలాలు కలిసి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా అయింది. విస్తీర్ణంలో సుమారు వెయ్యీ ఎనభై చదరపు కిలోమీటర్లు. హైదరాబాద్ జిల్లా 217 చదరపు కిలోమీటర్లతో అన్నిటికంటే చిన్నది, దాని తర్వాత మనదే. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏడు వేల చదరపు కిలోమీటర్లు పైనే ఉంటుంది. కానీ 2011 లెక్కల ప్రకారం చూసినా ఈ చిన్న జిల్లాలో ఇరవై నాలుగు లక్షల మందికి పైగా జనం ఉన్నారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఈ పేరును గమనించండి. తెలంగాణలో జంట పేర్లున్న జిల్లాలు ఏడు. జోగులాంబ గద్వాల, యాదాద్రి భువనగిరి, భద్రాద్రి కొత్తగూడెం, రాజన్న సిరిసిల్ల, జయశంకర్ భూపాలపల్లి, కొమరం భీం ఆసిఫాబాద్, మన మేడ్చల్-మల్కాజిగిరి. మొదటి ఆరింటిలో ఒక పద్ధతి ఉంది. ముందున్న పేరు దేవుడిదో, మహనీయుడిదో. వెనకున్న పేరు కేంద్రానిది. గద్వాల, భువనగిరి, కొత్తగూడెం, సిరిసిల్ల, భూపాలపల్లి, ఆసిఫాబాద్, ఈ ఆరూ జిల్లా కేంద్రాలే. ముందు పేరు చెప్పే దేవుళ్లు మాత్రం కేంద్రంలో ఉండరు. జోగులాంబ అమ్మవారు ఆలంపురంలో ఉంది, గద్వాలలో కాదు. రాజన్న వేములవాడలో, రాముడు భద్రాచలంలో, నరసింహస్వామి యాదగిరిగుట్టలో. కలెక్టరేట్ దక్కని ఊరికి పేరులో పెద్దపీట వేశారు. నా ఉద్దేశంలో ఇది మంచి పద్ధతే. మొక్కుకోవడానికి వెళ్లే చోటు, మొరపెట్టుకోవడానికి వెళ్లే చోటు రెండూ ఒకే పేరులో చోటు చేసుకున్నాయి.

ఏడో జిల్లాకు ఈ సూత్రం వర్తించదు. మేడ్చల్, మల్కాజిగిరి రెండూ ఊళ్ల పేర్లే, కానీ రెండింటిలో ఏదీ కేంద్రం కాదు. మొదట కలెక్టరేట్ కీసరలో తాత్కాలికంగా పెట్టారు. 2022 ఆగస్టులో శామీర్‌పేట మండలం అంతాయిపల్లిలో కొత్త సమీకృత భవనం కట్టి అక్కడికి మార్చారు. రాష్ట్రంలోని జంట పేర్లలో జిల్లా కేంద్రం పేరు లేనిది ఇదొక్కటే. ఏ పరీక్షలోనైనా "మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా కేంద్రం ఏది" అని అడిగితే పిల్లలు మేడ్చల్ అని రాసి మార్కు పోగొట్టుకుంటారు. వాళ్ల తప్పు కాదు, పేరే అలా చెబుతోంది.

నాచారంలో ఉండే ఒక గృహిణికి ప్రజావాణిలో అర్జీ ఇవ్వాల్సి వచ్చిందనుకోండి. కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ఆ ప్రజావాణి సోమవారం ఉంటుంది. ఆమె నాచారం నుంచి బస్సులో తార్నాక మీదుగా సికింద్రాబాద్ చేరాలి, అక్కడ ఇంకో బస్సెక్కి రాజీవ్ రహదారి మీద శామీర్‌పేటకు రావాలి, అక్కడినుంచి కలెక్టరేట్‌కు ఆటో. లక్డీకాపూల్‌ రోజుల్లో ఆమె ఒకే బస్సులో వెళ్లి వచ్చేది. ఘట్‌కేసర్ రైతుకు మాత్రం పరిస్థితి మెరుగైంది. బండి ఉంటే ఔటర్ రింగ్ రోడ్డెక్కి కీసర దాటి శామీర్‌పేటలో దిగితే సరి, నగరంలోకి అడుగు పెట్టనక్కర్లేదు. ఒకే జిల్లాలో ఒకే కేంద్రం ఒకరికి దగ్గరైంది, ఇంకొకరికి దూరమైంది. జిల్లా కేంద్రం ఎక్కడ ఉండాలన్న చర్చలో దూరాన్ని కిలోమీటర్లలో కాదు, ఎన్ని బండ్లు మారాలి అన్న లెక్కలో కొలవాలని నేను అంటాను.

ఇప్పుడు కీసర. నాకు ఈ జిల్లాలో అన్నిటికంటే ఇష్టమైన పేరు ఇది. కొన్నేళ్ల పాటు కలెక్టరు కూర్చున్న ఊరు కాబట్టి కేంద్రాల జాబితాలోనూ దానికి చోటుంది. కీసరగుట్ట మీద రామలింగేశ్వరస్వామి ఉన్నాడు. స్థలపురాణం ప్రకారం రాముడు ఇక్కడ శివలింగం ప్రతిష్ఠించాలనుకుని కాశీ నుంచి లింగం తెమ్మని హనుమంతుణ్ణి పంపాడు. ఆయన నూటొక్క లింగాలు తెచ్చేలోపు ముహూర్తం మించిపోతుందని శివుడే ప్రత్యక్షమై లింగాన్ని ఇచ్చాడు. ఆలస్యంగా వచ్చి చిన్నబుచ్చుకున్న హనుమంతుడు తెచ్చిన లింగాల్ని విసిరేశాడు. ఇప్పటికీ గుట్ట నిండా ఆరుబయట చెల్లాచెదురుగా లింగాలు కనిపిస్తాయి. హనుమంతుణ్ణి ఊరడించడానికి, ఆయన తండ్రి కేసరి పేరు మీద ఈ గుట్ట కేసరిగిరిగా పిలవబడుతుందని రాముడు వరమిచ్చాడు. కేసరిగిరి వాడుకలో కీసర అయింది. శివరాత్రికి ఇక్కడ జరిగే జాతరకు నగరమంతా కదిలి వస్తుంది.

ఇది పురాణం. అదే గుట్ట మీద పురావస్తు శాఖ తవ్వితే విష్ణుకుండినుల కాలం నాటి కోట గోడలు, ఇటుక కట్టడాలు బయటపడ్డాయి. ఒక బండ మీద చిన్న రాత దొరికింది. తొలుచువాన్ఱు అని. రాయి తొలిచే పనివాళ్ల మాట అది. నాలుగు, ఐదు శతాబ్దాల నాటిదిగా భావించే ఈ రాత, తెలంగాణ నేల మీద దొరికిన తొలి తెలుగు మాటల్లో ఒకటి. రాజు పేరు కాదు, దేవుడి పేరు కాదు, కూలి చేసుకునేవాళ్ల పేరు. వెయ్యిన్నర ఏళ్ల తర్వాత కూడా ఆ గుట్ట చుట్టూ రాయి కొట్టి బతికేవాళ్లు ఉన్నారు. ఘట్‌కేసర్ నుంచి కీసర వెళ్లే దారిలో వెళ్తున్నప్పుడు నాకు ఆ మాటే గుర్తొస్తుంది. జిల్లాకు పేరు వెతికేటప్పుడు ఈ గుట్టను ఎవరైనా తలచుకుని ఉంటే బాగుండేది. కేసరిగిరి అని పెట్టి ఉంటే అది ఏ ఒక్క పట్టణానిదీ కాకుండా అందరిదీ అయ్యేది.

పేర్ల పుట్టుక దగ్గరికి వచ్చాం కాబట్టి మిగతా జిల్లాల వైపు కూడా ఒకసారి చూద్దాం. అసఫ్‌జాహీ నిజాంల కాలంలో చాలా కేంద్రాలకు పాలకుల పేర్లు వచ్చాయి. ఇందూరును నిజామాబాద్ అన్నారు. అదే కాలంలో, 1905 ప్రాంతంలో, ఎలగందుల జిల్లా కరీంనగర్ అయింది. ఎలగందుల కోట మానేరు ఒడ్డున ఇప్పటికీ ఉంది, జిల్లా పేరు మాత్రం కోట దిగి మైదానంలోకి వచ్చేసింది. ఆ కోటకు ఖిలాదారుగా ఉన్న సయ్యద్ కరీముద్దీన్ పేరు మీద కరీంనగర్ వెలసిందని చెబుతారు. పాలమూరుకు 1890 డిసెంబర్ 4న ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పేరు మీద మహబూబ్‌నగర్ అని పేరు పెట్టారు. అంతకుముందు ఆ జిల్లాకు నాగర్‌కర్నూల్ కేంద్రంగా ఉండేది. 2016లో నాగర్‌కర్నూల్ మళ్లీ జిల్లా కేంద్రమైంది, శతాబ్దం పైన ఎదురుచూసి. అదే నిజాం పేరుతో మహబూబాబాద్ ఉంది, పాయిగా అనే ప్రభువుల కుటుంబానికి చెందిన ఉన్నతాధికారి వికారుల్ ఉమ్రా పేరుతో వికారాబాద్ ఉంది.

అయినా జనం నోట్లో పాత పేరు చావలేదు. నిజామాబాద్ వాళ్లు ఇందూరు అంటారు, మహబూబ్‌నగర్ వాళ్లు పాలమూరు బిడ్డలం అని ఛాతీ తట్టుకుంటారు, మహబూబాబాద్‌ను మానుకోట అనేవాళ్లు ఇప్పటికీ ఎక్కువే. పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల పథకానికి సర్కారే పాత పేరు వాడింది. కొమరం భీం ఆసిఫాబాద్ అన్న పేరులో అయితే ఎదురుబొదురు చరిత్రలు ఒకే బోర్డు మీదికి వచ్చాయి. అసఫ్‌జాహీల పేరున్న ఊరు ఆసిఫాబాద్. ఆ అసఫ్‌జాహీ ప్రభుత్వం మీద జల్, జంగల్, జమీన్ కోసం తిరగబడి 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చిన గోండు వీరుడు భీం. ఇద్దరి పేర్లూ పక్కపక్కనే రాస్తున్నాం. ఆయన పేరు ముందుండటం నాకు న్యాయంగా అనిపిస్తుంది.

మెదక్ సంగతి ఇంకో రకం. మెతుకు దొరికే సీమ, మెతుకుదుర్గం అని ఆ నేలకు పేరు. నడుమ గుల్షనాబాద్ అని కూడా అన్నారు. అంత గట్టి పేరున్న మెదక్, 2016 దాకా తన పేరున్న జిల్లాకు కేంద్రం కాదు. కలెక్టరేట్ సంగారెడ్డిలో ఉండేది. మెదక్ చర్చి పక్కన ఉండేవాళ్లు మెదక్ జిల్లా కాగితం కోసం సంగారెడ్డి బస్సెక్కేవాళ్లు. ఇప్పుడు రెండూ వేర్వేరు జిల్లాలు, ఎవరి పేరు వాళ్లకు, ఎవరి కేంద్రం వాళ్లకు. 2016 మార్పుల్లో నూటికి నూరుపాళ్లు సరిగా జరిగిన పని ఏదంటే నేను దీన్నే చెబుతాను.

ఘట్‌కేసర్ దాటి వరంగల్ రోడ్డు మీద ముందుకు వెళ్తే బీబీనగర్ దగ్గరికి వచ్చేసరికి జిల్లా మారిపోతుంది, యాదాద్రి భువనగిరి మొదలవుతుంది. భువనగిరి ఏకశిలా కొండ దూరం నుంచే కనిపిస్తుంది. పడమటి చాళుక్య చక్రవర్తి ఆరో విక్రమాదిత్యుడికి త్రిభువనమల్లుడని బిరుదు. ఆ బిరుదు మీద త్రిభువనగిరి, దాన్నుంచి భువనగిరి. ఇంకాస్త అవతల నల్లగొండ, పాత పేరు నీలగిరి. కొండ పేరే ఊరికి వచ్చింది, ఊరి పేరే జిల్లాకు వచ్చింది. ఖమ్మం కూడా అంతే, స్తంభంలా నిలిచిన గుట్ట స్తంభాద్రి. తూర్పు తెలంగాణలో కొండలు పెట్టిన పేర్లే ఎక్కువ, రాజులు పెట్టినవి తక్కువ. అందుకేనేమో వాటిని మార్చాలన్న గొడవ కూడా తక్కువ.

పేరు విషయంలో జనం మాట నెగ్గిన ఉదాహరణ వరంగల్. 2016లో ఆ జిల్లాను చీల్చినప్పుడు వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్ అని పెట్టారు. ఓరుగల్లు అన్న మాటకు ఎనిమిది వందల ఏళ్ల చరిత్ర ఉంటే, దాని పక్కన దఫ్తరు మాటలు అతికించారు. కాకతీయుల తొలి రాజధాని హనుమకొండ. 1163లో రుద్రదేవుడు వేయిస్తంభాల గుడి దగ్గర వేయించిన శాసనం అక్కడే ఉంది. అలాంటి ఊరు పేరు ఎక్కడా లేకుండా పోయింది. 2021 ఆగస్టులో దాన్ని దిద్దారు. అర్బన్‌ను హనుమకొండ జిల్లా చేశారు, రూరల్‌ను వరంగల్ జిల్లా చేశారు. కొన్ని మండలాలు అటూ ఇటూ మారి, రెండు జిల్లాలకూ ముఖం వచ్చింది.

పక్కన ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న పదమూడు జిల్లాలు ఇరవై ఆరయ్యాయి. అక్కడా ఇవే చిక్కులు. అల్లూరి సీతారామరాజు జిల్లాకు పాడేరు, శ్రీ సత్యసాయి జిల్లాకు పుట్టపర్తి, ఎన్టీఆర్ జిల్లాకు విజయవాడ, పల్నాడుకు నరసరావుపేట కేంద్రాలు. కృష్ణా, గోదావరి జిల్లాలైతే నది పేరు మీద మొదటినుంచీ ఉన్నాయి, కేంద్రం పేరుతో వాటికి పని లేదు.

మన పిల్లలు ఎక్కువగా వెళ్లి స్థిరపడుతున్న అమెరికాలో జిల్లా లాంటి దాన్ని కౌంటీ అంటారు. టెక్సస్ ఒక్క రాష్ట్రంలోనే 254 కౌంటీలు. డాలస్ పక్కన ప్లేనో, ఫ్రిస్కో ఊళ్లలో తెలుగువాళ్లు బాగా ఉన్నారు, ఉప్పల్, బోడుప్పల్ నుంచి వెళ్లినవాళ్లూ వాళ్లలో ఉంటారు. ఆ ఊళ్లు పెద్ద భాగం కాలిన్ కౌంటీలో ఉన్నాయి. కేంద్రం మెకిన్నీ. కౌంటీ పేరు, కేంద్రం పేరు రెండూ ఒకే మనిషివి. ఆయన కాలిన్ మెకిన్నీ, టెక్సస్ స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసినవాడు. 1846లో కౌంటీ ఏర్పడినప్పుడు బక్‌నర్ అనే ఊరు కేంద్రం. అది కౌంటీ నడిమధ్యకు దగ్గరగా లేదని రెండేళ్లకే ఓట్లు వేసి 1848లో మెకిన్నీకి మార్చుకున్నారు. మన దగ్గర కేంద్రం మారడానికి జనం ఓటు ఎప్పుడూ అడగలేదు. కానీ అభ్యంతరం చెప్పే హక్కు చట్టం ఇచ్చింది, ఆ మాట చివర్లో చెబుతాను.

జిల్లా పేరు మారితే మన బతుకులో ఏం మారుతుంది అని అడిగేవాళ్లుంటారు. చాలా మారుతుంది. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం జిల్లా స్థాయి ఉద్యోగాల్లో నూటికి తొంభై ఐదు స్థానికులకే. ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఎక్కువ కాలం ఏ జిల్లాలో చదివారన్నదే కొలత. హబ్సీగూడ బడిలో చదివితే ఒక జిల్లా, కాస్త జరిగి తార్నాక అవతల చదివితే ఇంకో జిల్లా కావచ్చు. కొత్త జిల్లాలు పుట్టకముందు చదువుకున్నవాళ్లు కూడా తమ పాత బడి ఇప్పుడు ఏ జిల్లాలో ఉందో వెతుక్కుని సర్టిఫికెట్లు తెచ్చుకోవాల్సి వచ్చింది. ఉప్పల్ చౌరస్తాలో ఎర్ర లైటు దగ్గర నిలబడి బండ్ల నంబర్లు చూడండి. పాత స్కూటరు మీద ఏపీ 29, తర్వాతి తరం బండి మీద టీఎస్ 08, 2024 మార్చి తర్వాత కొన్నదాని మీద టీజీ 08. ఒకే కార్యాలయం పరిధిలోని బండ్లే అవన్నీ. అదే ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ ఉంది. దేశం హద్దుల్ని కొలిచి పటం గీసే విద్య నేర్పే చోటు మన బస్సు స్టాపు పక్కనే ఉంది. పటాల మీద ఆసక్తి కలిగించడానికి పిల్లల్ని దూరం తీసుకెళ్లనక్కర్లేదు.

ఇక మన వీధుల పేర్లు. మల్కాజిగిరి ఒకప్పుడు మల్లికార్జునగిరి అని పెద్దలంటారు. తార్నాక, తీగ కంచె వేసిన నాకా దగ్గర పుట్టిందంటారు. హబ్సీగూడ, నిజాం కొలువులో ఉన్న ఆఫ్రికా నుంచి వచ్చిన హబ్సీల పేరు. ఘట్‌కేసర్ పేరులో గట్టు వినిపిస్తుంది, ఊరికి గట్టు మైసమ్మ తల్లి ఉండనే ఉంది, ఏటా జాతరా జరుగుతుంది. కానీ వినిపించినంత మాత్రాన రుజువు కాదు. పేరు పుట్టుకకు మూడు రకాల సాక్ష్యాలుంటాయి. రాతి మీద ఉన్నది ఒకటి, దఫ్తరు కాగితంలో ఉన్నది ఒకటి, నోటి మాటగా వచ్చింది ఒకటి. హనుమకొండకు మొదటిది ఉంది, మహబూబ్‌నగర్‌కు రెండోది ఉంది, మల్కాజిగిరికి మూడోది ఉంది. మూడింటినీ గౌరవించాలి, మూడింటినీ ఒకటే అని చెప్పకూడదు. నోటి మాట చెప్పే పెద్దలు వెళ్లిపోయేలోపు దాన్ని రాసిపెట్టుకోవాలి. ఏదులాబాద్ గోదాదేవి గుడి దగ్గర, ఘట్‌కేసర్ సంతలో, నాచారం పాత ఊళ్లో ఆ పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. సోషల్ టీచర్లు పిల్లలకు ముప్పై మూడు కేంద్రాలు వల్లెవేయించే ముందు ఒక్క ఆదివారం ఈ పని అప్పగించాలని నా మనవి.

చివరిగా చెబుతానన్న మాట. జిల్లాల ఏర్పాటు చట్టం 1974 నాటిది. దాని ప్రకారం ప్రభుత్వం ముందు ముసాయిదా ప్రకటించి, అభ్యంతరాలకు ముప్పై రోజులు గడువివ్వాలి. 2016 ఆగస్టులో వచ్చిన తొలి ముసాయిదాలో కొత్త జిల్లాలు పదిహేడే. జనగామ, సిరిసిల్ల, గద్వాల, ఆసిఫాబాద్ అందులో లేవు. అక్కడి జనం రోడ్డెక్కారు, అర్జీలు పెట్టారు, దసరా నాటికి నాలుగూ జిల్లాలయ్యాయి. కాబట్టి ఈసారి మన హద్దుల మీద గానీ, మన జిల్లా పేరు మీద గానీ, కేంద్రం మీద గానీ ముసాయిదా వచ్చిన రోజున, నాచారం గృహిణి ఎన్ని బస్సులు మారాలో లెక్కగట్టి, ఊరి పేరుకున్న సాక్ష్యం జతచేసి, ఆ ముప్పై రోజుల్లోపే మీ అర్జీ పంపండి.